టైప్ 2 మధుమేహ నివారణ బోధన: భాష, బాధ్యత – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

జీవనశైలిని మార్చుకోవడం ద్వారా టైప్ 2 మధుమేహాన్ని అడ్డుకోవచ్చునని, కనీసం ఆలస్యం చేయవచ్చునని చైనా, ఫిన్లాండ్, అమెరికా, భారతదేశాలలో జరిగిన ప్రయోగాలు నిరూపించాయి. ఆ ఫలితాలను ఆధారంగా చూపి సమాజస్థాయిలో అవగాహన కార్యక్రమాలు విస్తృతంగా నడుస్తున్నాయి. అయితే ప్రయోగాలలో ఫలితమిచ్చిన బోధనకూ, అవగాహన పేరుతో ప్రజలకు అందుతున్న బోధనకూ మధ్య మౌలికమైన తేడా ఉంది. ఆ తేడాను గుర్తించి, తెలుగులో ఈ బోధన వాడే పదజాలం, క్రియారూపాలు, సంబోధనలు వ్యాధి బాధ్యతను ఎవరిపై మోపుతున్నాయో విశ్లేషించడం ఈ వ్యాసం లక్ష్యం. షుగర్, బోర్డర్, నివారణ, పథ్యం, అన్నం, వాకింగ్ అనే ఆరు మాటలను ఇందుకు ఆధారంగా తీసుకుంది.

కీలక పదాలు: మధుమేహం, నివారణ, జీవనశైలి, ఆరోగ్య బోధన, పదజాలం, పథ్యం, అన్నం, ఆశా కార్యకర్త.

1. ఉపోద్ఘాతం:

ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన అంచనాల ప్రకారం భారతదేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతోనూ, 13.6 కోట్ల మంది మధుమేహానికి ముందున్న స్థితిలోనూ ఉన్నారు. మొదటి సంఖ్య వైద్యానికి సంబంధించినది. రెండవది నివారణకు సంబంధించినది. ఆ 13.6 కోట్ల మందిలో అధికభాగం ఏ బాధా తెలియనివారు. రోగం లేనివారికి రోగం గురించి చెప్పి, వారి తిండినీ పనినీ నిద్రనూ మార్చుకొమ్మని ఒప్పించడం ఔషధం చేసే పని కాదు. అది మాట చేయవలసిన పని. కాబట్టి మధుమేహ నివారణ వైద్యశాస్త్రానికి ఎంత చెందుతుందో భాషాధ్యయనానికీ అంతే చెందుతుంది.

తెలుగులో ఆరోగ్య విషయాలపై వెలువడే రచనను సాహిత్య విమర్శ సాధారణంగా తన పరిధిలోనిదిగా భావించదు. కరపత్రం, గోడరాత, శిబిరంలో ఉపన్యాసం, ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి చెప్పే నాలుగు మాటలు విమర్శకు అందని రచనలుగానే మిగిలాయి. నిజానికి అక్షరాస్యులూ నిరక్షరాస్యులూ ఒకేలా ఎదుర్కొనే గద్యం ఇదే. దానిలోని ఒక్క పదం తప్పుగా అర్థమైతే కలిగే నష్టం శరీరం మీద పడుతుంది. ఈ దృష్టితోనే ప్రస్తుత పరిశీలన సాగుతుంది.

2. ఫలితమిచ్చిన బోధన ఏది?

2.1. చైనాలోని దాచింగ్ నగరంలో 1986లో మొదలైన అధ్యయనం 577 మందిపై ఆరేళ్లు జరిగింది. పోలిక వర్గంతో చూస్తే ఆహార మార్పు పాటించిన వర్గంలో ముప్పు 31 శాతం, వ్యాయామం చేసిన వర్గంలో 46 శాతం, రెండూ చేసిన వర్గంలో 42 శాతం తగ్గింది. ముప్పై ఏళ్ల తరువాత లెక్క చూసినప్పుడు వ్యాధి రాక సగటున దాదాపు నాలుగేళ్లు వెనక్కి జరిగిందనీ, ఆయుర్దాయం 1.44 సంవత్సరాలు పెరిగిందనీ తేలింది. ఫిన్లాండ్‌లో 522 మందిపై జరిగి 2001లో ప్రచురితమైన అధ్యయనంలోనూ, అమెరికాలో 3,234 మందిపై జరిగి 2002లో ప్రచురితమైన మధుమేహ నివారణ కార్యక్రమంలోనూ ముప్పు 58 శాతం తగ్గింది. అమెరికా అధ్యయనంలో మెట్‌ఫార్మిన్ మాత్ర తగ్గించినది 31 శాతమే.

ఈ 58 శాతం అనే సంఖ్య ప్రచారంలో తరచుగా వినిపిస్తుంది. అది దేనివల్ల వచ్చిందన్నది మాత్రం వినిపించదు. అమెరికా కార్యక్రమంలో ప్రతి వ్యక్తికీ శిక్షకుడు ఉన్నాడు. మొదటి ఆరు నెలల్లో ముఖాముఖిగా 16 పాఠాలు చెప్పారు. ఆ తరువాత నెలనెలా కలిశారు. బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు శ్రమ చేయాలి అన్న లక్ష్యాలు పెట్టి వాటిని కొలిచారు. ఫిన్లాండ్‌లో మొదటి ఏడాదిలోనే పోషకాహార నిపుణులతో ఏడు సమావేశాలు జరిగాయి.

2.2. ఈ అధ్యయనాలలో పోలిక వర్గానికి ఏమి అందిందన్నది మరింత ముఖ్యమైన విషయం. అమెరికాలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వర్గానికి కూడా ఆరోగ్యకరమైన జీవనం గురించి రాతపూర్వక సమాచారం ఇచ్చి, ఏడాదికొకసారి ఇరవై ముప్పై నిమిషాల సేపు సలహా చెప్పారు. ఫిన్లాండ్‌లో పోలిక వర్గానికి ఆహారం, వ్యాయామాల గురించి మౌఖికంగానూ రాతపూర్వకంగానూ సాధారణ సమాచారం అందించారు.

అంటే ఒక కరపత్రం, ఏడాదికొక ఉపన్యాసం అన్నవి ఆ ప్రయోగాలలో నివారణ చర్యలు కావు. నివారణ చర్య విలువను కొలవడానికి పెట్టుకున్న సున్నా గీత అవి. నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినోత్సవం నాడు ఒక ర్యాలీ తీసి, ఒక శిబిరం పెట్టి, ఒక కరపత్రం పంచడం ఆ సున్నా గీత దగ్గర నిలబడటమే. నిలబడి 58 శాతం అనే సంఖ్యను ఉటంకించడం హేతువును ఒకచోట, ఫలితాన్ని మరొకచోట చూపడం అవుతుంది. ఈ కార్యక్రమాలపై మొదటి విమర్శ ఇదే. అవి పనికిరానివని ఇక్కడ ఉద్దేశం కాదు. వాటిని నివారణగా లెక్కించడం వల్ల అసలు నివారణ జరిగిపోయినట్లు భ్రమ కలుగుతుంది. ఆ తరువాత వ్యాధి వచ్చినవారిని చూసి ‘చెప్పాం, వినలేదు’ అనే తీర్పుకు దారి ఏర్పడుతుంది.

3. భారతీయ అనుభవం – చెన్నై, నెయ్యాట్టిన్‌కర:

3.1. భారతీయ మధుమేహ నివారణ కార్యక్రమం పేరుతో చెన్నై కేంద్రంగా 531 మందిపై జరిగి 2006లో ఫలితాలు వెలువరించిన అధ్యయనంలో పోలిక వర్గంలో 55 శాతం మంది మూడేళ్లలోపు మధుమేహులయ్యారు. జీవనశైలి మార్చుకున్న వర్గంలో అది 39.3 శాతం. ముప్పు తగ్గుదల 28.5 శాతం. అమెరికా అధ్యయనంలో పాల్గొన్నవారి సగటు శరీర ద్రవ్యరాశి సూచీ 34 కాగా ఇక్కడ 25.8. చెప్పుకోదగినంత బరువు తగ్గకుండానే ఇక్కడ ప్రయోజనం కనిపించింది. కాబట్టి ‘బరువు తగ్గండి’ అనే ఏకైక సందేశం భారతీయ శరీరానికి పూర్తిగా సరిపోదు. సన్నగా ఉన్న మనిషి ఆ సందేశాన్ని తనది కాదని పక్కన పెడతాడు. పొట్ట చుట్టుకొలతను, తల్లిదండ్రుల వ్యాధి చరిత్రను, వయసును, శ్రమను కలిపి 100కు లెక్కగట్టే భారతీయ మధుమేహ ముప్పు స్కోరు ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. ఆ స్కోరులో 60, అంతకు మించి వస్తే ముప్పు ఎక్కువ అని అర్థం.

చెన్నైలోనే 578 మందిపై జరిగి 2016లో ప్రచురితమైన మరో అధ్యయనం బృంద తరగతుల ద్వారా జీవనశైలి విద్యను అందించి, అవసరమైనవారికి దశలవారీగా మెట్‌ఫార్మిన్ చేర్చింది. మొత్తం మీద ముప్పు 32 శాతం తగ్గింది. అయితే పరగడుపు చక్కెర మాత్రమే ఎక్కువగా ఉన్నవారిలో ఈ తగ్గుదల చాలా స్వల్పం. ‘బోర్డర్’ అని ఒకే మాటతో పిలిచే స్థితిలోనే వేరువేరు శరీరధర్మాలున్నాయనీ, ఒకే బోధన అందరికీ సమానంగా పనిచేయదనీ దీనివల్ల తెలుస్తుంది.

3.2. సమాజస్థాయి బోధనకు అసలైన పరీక్ష కేరళలో జరిగింది. తిరువనంతపురం జిల్లా నెయ్యాట్టిన్‌కర తాలూకాలో 60 పోలింగ్ ప్రాంతాలను యూనిట్లుగా తీసుకొని 1,007 మందితో చేసిన ఈ అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. ఏడాది కాలంలో 15 బృంద సమావేశాలు జరిగాయి. స్థానికుల నుంచే ఎంచుకొని శిక్షణ ఇచ్చిన తోటివారు వాటిలో అధికభాగాన్ని నడిపారు. పోలిక ప్రాంతాలవారికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. రెండేళ్ల తరువాత పోలిక వర్గంలో 17.1 శాతం, బోధన పొందిన వర్గంలో 14.9 శాతం మధుమేహులయ్యారు. ఈ తేడా సాంఖ్యకశాస్త్ర పరంగా నిర్ధారణకు చాలదు. కానీ పండ్లు, కూరగాయల వాడకం పెరిగింది. మద్యపానం తగ్గింది. శారీరక సామర్థ్యానికి సంబంధించిన జీవన నాణ్యత మెరుగుపడింది.

ఈ ఫలితాన్ని వైఫల్యంగా చదవడం తొందరపాటు. విజయంగా ప్రకటించడం అతిశయోక్తి. నెలకొకటి చొప్పున జరిగే సమావేశాలు కూడా మనిషి అలవాట్లను కదిలించగలవనీ, రెండేళ్లలో వ్యాధి గతిని మార్చడానికి మాత్రం అవి చాలకపోవచ్చుననీ ఈ ఫలితం చెబుతుంది. అక్షరాస్యత, ప్రజారోగ్య వ్యవస్థ, గ్రంథాలయ సంస్కృతి గల కేరళలో 15 సమావేశాల ఫలితం ఇంత పరిమితమైతే, మరోచోట ఒక్క శిబిరం నుంచి ఎంత ఆశించవచ్చునన్నది కార్యక్రమ నిర్వాహకులు వేసుకోవలసిన ప్రశ్న.

4. వ్యాధి పేర్లు – అర్థచ్ఛాయలు:

4.1. షుగర్: తెలుగువారి వాడుకలో మధుమేహం పాఠ్యపుస్తక పదం. చక్కెర వ్యాధి పత్రికల పదం. ఇంట్లో అది ‘షుగర్’. వ్యాధికీ పదార్థానికీ ఒకే పేరు ఉండటం వల్ల కారణ కార్య సంబంధం పేరులోనే స్థిరపడిపోయింది. చక్కెర తింటే చక్కెర వస్తుంది, తినకపోతే రాదు అన్నది ఆ పేరు నేర్పే పాఠం. టీలో పంచదార మానేసి, మూడు పూటలా తెల్లన్నం తినే మనిషి తాను జాగ్రత్తలన్నీ పాటిస్తున్నానని నమ్మడానికి మూలం ఇక్కడ ఉంది. చెన్నైలో జరిగిన ఒక పరీక్షలో సోనా మసూరి బియ్యానికి గ్లైసీమిక్ సూచీ 72గా తేలింది. 70కి మించినవన్నీ అధిక సూచీ గల పదార్థాలే. మరోవైపు గ్లైసీమిక్ సూచీ తక్కువగా గల తెలంగాణ సోనా రకం బజారులో ‘షుగర్ ఫ్రీ’ బియ్యంగా చలామణీ అవుతోంది. పిండిపదార్థం లేని బియ్యం ఉండదు. పేరు ఇచ్చిన ధైర్యంతో రెండు ముద్దలు ఎక్కువ తింటే సూచీ వల్ల కలిగే మేలు పోతుంది.

4.2. బోర్డర్: మధుమేహానికి ముందున్న స్థితికి శాస్త్రగ్రంథాలు ‘పూర్వ మధుమేహం’ వంటి పదాలు కల్పించాయి. ప్రజలు మాత్రం ‘బోర్డర్‌లో ఉంది’ అంటారు. సరిహద్దు అనే మాటలో ఇంకా ఇవతలే ఉన్నామనే భరోసా ఉంది. అది దాటడానికి ఒక అడుగు వేయాలని, వేయకపోతే ఉన్నచోటే ఉంటామని ఆ రూపకం సూచిస్తుంది. చెన్నై అధ్యయనంలోని పోలిక వర్గం అనుభవం దీనికి విరుద్ధం. అక్కడ ఏమీ మార్చుకోనివారిలో సగానికి పైగా మూడేళ్లలోపే అవతలికి చేరారు. ఇది నిలిచి ఉండే గీత కంటే జారుడు నేలకు దగ్గరగా ఉంటుంది. బోధకుడు ఈ రూపకాన్ని సరిచేయకుండా సంఖ్యలు ఎన్ని చెప్పినా శ్రోతకు భరోసాయే మిగులుతుంది.

4.3. నివారణ: తెలుగులో ఈ మాటకు రాకుండా అడ్డుకోవడం, వచ్చినదాన్ని పోగొట్టడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. ‘మధుమేహ నివారణ’ అనే శీర్షిక ప్రభుత్వ కరపత్రానికీ, వ్యాధిని సమూలంగా పోగొడతామనే ప్రకటనకూ సమానంగా ఒదుగుతుంది. ఈ అస్పష్టతను మందుల ప్రకటనలు చక్కగా వాడుకుంటాయి. బోధనలో ‘రాకుండా చూసుకోవడం’ అనే పలుకుబడి దీనికంటే స్పష్టం, పైగా అందరికీ తెలిసినది. ‘ఆయనకు షుగర్ వచ్చింది’ అనే వాక్యంలో మనిషి కర్త కాడు. వ్యాధి వచ్చింది, అతనికి వచ్చింది. ‘రాకుండా చూసుకోవడం’ అనేది ఆ వాక్య నిర్మాణానికి సహజమైన కొనసాగింపు. అది నిందించదు, చేయవలసిన పనిని మాత్రం చూపుతుంది.

5. అన్నం, పథ్యం, వాకింగ్:

5.1. తెలుగులో అన్నం ఒక పదార్థం పేరు, భోజనం పేరు కూడా. ‘అన్నం తిన్నారా?’ అన్నది కుశలప్రశ్న. ‘అన్నం పెట్టిన చెయ్యి’ అన్నది కృతజ్ఞత. అందువల్ల ‘అన్నం తగ్గించండి’ అనే వాక్యం పోషకాహార సలహాగా బయలుదేరి, వినేవారి చెవికి భోజనం తగ్గించుకోమన్నట్లుగా చేరుతుంది. ఆకలి తెలిసిన ఇళ్లలో ఆ మాట అవమానంగా కూడా వినిపించవచ్చు. ‘కూర, పప్పు ఎక్కువ కలుపుకొని అన్నం తక్కువ పెట్టుకోండి’ అన్నప్పుడు కంచం నిండుగానే ఉంటుంది, మార్పు నిష్పత్తిలో మాత్రమే జరుగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదని చెప్పడంలోని ఆంతర్యం కూడా ఇదే.

చిరుధాన్యాల ప్రచారాన్ని కూడా ఈ వెలుగులో చూడాలి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం తరువాత కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు మధుమేహానికి విరుగుడన్న నమ్మకం పట్టణాలలో బలపడింది. ఇండియాబ్ సర్వే ఆహార వివరాలపై 2025లో వెలువడిన విశ్లేషణ దేశంలో శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని చూపింది. మొత్తం పిండిపదార్థం తగ్గకుండా తెల్లబియ్యం స్థానంలో గోధుమపిండి, చిరుధాన్యాల పిండి వచ్చినంత మాత్రాన ముప్పు తగ్గడం లేదని, పిండిపదార్థంలో కొంత భాగం స్థానంలో మాంసకృత్తులు చేరినప్పుడు తగ్గుతోందని కూడా అది తెలిపింది. ధాన్యం పేరు మారితే చాలనే బోధన సులభమైనదే గాని సరైనది కాదు.

5.2. పథ్యం తెలుగు ఇంటికి బాగా తెలిసిన భావన. బాలింతకు పథ్యం, జ్వరం తగ్గినవారికి పథ్యం, నాటుమందుకు పథ్యం. వీటన్నిటికీ మూడు లక్షణాలున్నాయి. అది రోగికి సంబంధించినది, కొంతకాలానికి పరిమితమైనది, ఇంట్లో మిగతావారి వంటకు వేరైనది. మధుమేహ నివారణకు కావలసిన ఆహార మార్పు ఈ మూడింటికీ విరుద్ధం. అది రోగం లేనివారికి, జీవితకాలానికి, ఇంటిల్లిపాదికీ వర్తించాలి. బోధకుడు చెప్పే ఆహార నియమాన్ని శ్రోత తనకు తెలిసిన పథ్యం చట్రంలో పెట్టుకుంటే, పరీక్షలో చక్కెర తగ్గిందని తెలిసిన రోజున దాన్ని విడిచిపెడతాడు. మరో ఇబ్బంది కూడా ఉంది. పథ్యం వంట చేసేది స్త్రీ. భర్తకు, మామకు వేరే వంట చేసిపెట్టే ఇల్లాలు తనకు ‘బోర్డర్’ అని తెలిసినప్పుడు తన కోసం వేరే వంట చేసుకోదు. చివరగా మిగిలిన అన్నం తింటుంది. కాబట్టి ఒక వ్యక్తిని పిలిచి చెప్పే బోధన, ఇంటి వంటను మార్చని బోధన, స్త్రీ దగ్గర ఆగిపోతుంది.

5.3. తెలుగులో నడక వేరు, వాకింగ్ వేరు. అవసరం కోసం చేసేది నడక. ఆరోగ్యం కోసం చేసేది వాకింగ్. వాకింగ్‌కు బూట్లు, వేళ, చోటు కావాలి. అన్నిటినీ మించి పని లేని అరగంట కావాలి. పొలం పనికి మూడు కిలోమీటర్లు నడిచి వెళ్లే కూలీ స్త్రీకి ‘రోజూ వాకింగ్ చేయండి’ అని చెప్పడం ఆమె శ్రమను శ్రమగా గుర్తించకపోవడమే. అదే ఊళ్లో ట్రాక్టరూ మోటారుసైకిలూ వచ్చాక నడక మానేసిన రైతుకు, రోజంతా కుట్టుమిషను ముందు కూర్చొనే మహిళకు ఆ సలహా అవసరం. భారతీయ ముప్పు స్కోరు వ్యాయామాన్నీ కష్టమైన పనినీ రెండింటినీ లెక్కలోకి తీసుకుంటుంది. బోధన భాష ఇంకా ఆ విచక్షణను అలవరచుకోలేదు.

6. జీవనశైలి – బాధ్యత ఎవరిది?

6.1. ‘జీవనశైలి వ్యాధి’ అనే సమాసంలోనే ఒక తీర్పు ఉంది. శైలి అన్నది ఎంపికను సూచించే మాట. కవికి శైలి ఉంటుంది, వేషధారణకు శైలి ఉంటుంది. బతుకు గడవడమే ప్రధానమైన చోట శైలి అనే మాట పొసగదు. ఆ పదం చేరగానే వ్యాధి మనిషి ఎంచుకున్న దానికి ఫలితంగా మారుతుంది. కరపత్రాలలో సాధారణంగా కనిపించే ‘మానండి, తగ్గించండి, నడవండి, తినకండి’ వంటి విధ్యర్థక క్రియలన్నిటికీ కర్త ‘మీరు’. బియ్యం ఎక్కడినుంచి వస్తుందో, కూరగాయల ధర ఎంతో, నడవడానికి చోటు ఉందో లేదో చెప్పే వాక్యాలకు అక్కడ తావు దొరకదు.

6.2. ప్రాచీన వైద్యగ్రంథమైన సుశ్రుత సంహిత ఈ విషయంలో ఆలోచింపజేస్తుంది. చికిత్సాస్థానంలోని ప్రమేహ చికిత్సాధ్యాయం శ్రమను మందుగా చెబుతూనే అది ఎవరికి ఎలా సాధ్యమో వేరుచేసి చెప్పింది. ధనం, బంధుబలం లేనివాడు చెప్పులూ గొడుగూ లేకుండా భిక్షాన్నంతో ఊరూరూ నడవాలి. ధనికుడు శ్యామాక, నీవారాది ధాన్యాలతో మృగాల మధ్య సంచరించాలి. మరొకరు బావి తవ్వాలి. కృశించినవాడిని మాత్రం జాగ్రత్తగా కాపాడాలి. వర్ణభేదాలతో కూడిన ఆ వ్యవస్థను నేడు ఆదర్శంగా తీసుకోనక్కరలేదు. నాటి ప్రమేహం నేటి టైప్ 2 మధుమేహంతో పూర్తిగా సమానమనీ చెప్పలేము. అయినా రోగి ఆర్థిక స్థితినీ శరీర స్థితినీ బట్టి సలహా మారాలన్న ఎరుక ఆ గ్రంథంలో ఉంది. నేటి కరపత్రంలోని ‘మీరు’కు ఆస్తి లేదు, పని లేదు, వయసు లేదు, లింగం లేదు. అందరినీ ఉద్దేశించిన ఆ సర్వనామం నిజానికి తీరిక గల పట్టణ మధ్యతరగతి పురుషుడికే అతుకుతుంది.

6.3. తెలుగువారి కంచంలో తెల్లన్నం స్థిరపడటానికి వ్యక్తుల రుచి ఒక్కటే కారణం కాదు. నీటిపారుదల, వరి వంగడాలు, మద్దతు ధర, మర ఆడించే మిల్లు, వీటితోపాటు 1983లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం అందులో భాగం. జొన్న, రాగి, సజ్జ తిన్న ప్రాంతాలకు కూడా బియ్యం చేరింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని వ్యాధి కారణంగా నిందించడం అన్యాయం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డుదారులకు మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం అందుతోంది. అది రోజుకు 200 గ్రాములు, సుమారు 700 కేలరీలు. రోజుకు 2,000 కేలరీలు అవసరమైన మనిషికి 45 శాతం అంటే 900 కేలరీలు. రేషన్ బియ్యం ఒక్కటే ఆ హద్దు దాటదని ఈ లెక్క చూపుతుంది. మిగతా 55 శాతాన్ని నింపవలసిన పప్పు, పాలు, గుడ్డు, కూరగాయలు అంతే భరోసాతో ఇంటికి చేరకపోవడం వల్లనే ఆ ఖాళీని మళ్లీ బియ్యమే నింపుతోంది. ఈ స్థితిలో ‘పప్పు, కూరగాయలు ఎక్కువ తినండి’ అనేది ప్రజలకు చెప్పవలసిన మాట, పాలకులకు కూడా చెప్పవలసిన మాట.

7. చెప్పేవారు – వినేవారు:

జాతీయ అసంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో 30 ఏళ్లు నిండిన ప్రతి వ్యక్తి వివరాలనూ ఆశా కార్యకర్త ఒక పత్రంలో నింపుతుంది. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వారానికి 150 నిమిషాల శ్రమ, కుటుంబ చరిత్ర వంటివి అందులోని అంశాలు. పల్లెలో ఆశాగా ఎంపికయ్యే మహిళ ఆ ఊరి నివాసి, ప్రధానంగా వివాహిత లేదా వితంతువు లేదా భర్తతో విడిపోయిన స్త్రీ అయి ఉండాలన్నది నియమం. అంటే ఆమె చాలాచోట్ల ఆ ఊరి కోడలు. మామ వరస అయిన పెద్దాయన నడుము కొలవడం, ఆయన తాగుడు గురించి అడగడం, అత్త వరస అయిన ఆమెకు అన్నం వండే తీరు చెప్పడం ఆ కోడలికి అప్పగించిన పని. కరపత్రంలోని ‘తగ్గించండి’ అనే విధ్యర్థకం ఆమె నోట ఆ రూపంలో రాదు. ‘మావయ్యా, కాస్త తగ్గించుకుంటే మంచిదంటున్నారు’ అని ఎవరో పరోక్ష కర్తను అడ్డుపెట్టుకొని మాట్లాడవలసి వస్తుంది. ఈ మృదూకరణ ఆమె అసమర్థత కాదు, సంబంధాన్ని కాపాడుకునే నేర్పు. శిక్షణ సామగ్రి ఆ నేర్పును గుర్తించి, వరసలతో కూడిన సంభాషణలుగా పాఠాలను రాస్తే ఆమె పని తేలికవుతుంది.

నెయ్యాట్టిన్‌కరలో తోటివారిని బోధకులుగా ఎంచుకోవడంలోని విలువ ఇక్కడ బోధపడుతుంది. అమెరికాలో వై.ఎం.సి.ఎ. కేంద్రాల్లో బృందాలుగా నిర్వహించిన ఒక చిన్న ప్రయోగంలో బోధన పొందినవారు ఆరు నెలల లోపు సగటున 6 శాతం, పోలిక వర్గం 2 శాతం బరువు తగ్గారు. నిపుణుడి స్థానంలో తెలిసిన మనిషి, ఆసుపత్రి స్థానంలో తెలిసిన చోటు పెట్టినా బోధన పనిచేయగలదని దీనివల్ల తెలుస్తుంది. తెలుగు ప్రాంతాలలో పొదుపు సంఘాల సమావేశాలు అటువంటి చోట్లు. అక్కడ క్రమం తప్పని కలయిక, పరస్పర జవాబుదారీతనం ముందే ఉన్నాయి.

8. ఒక ప్రతివాదం – సమాధానం:

మాటలు మార్చినంత మాత్రాన చక్కెర తగ్గుతుందా అన్న ప్రశ్న సహజమే. ఒక పదం మార్పు వల్ల ఎంతమందికి మధుమేహం తప్పుతుందో కొలిచి చెప్పడం ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. ఫలితమిచ్చిన ప్రయోగాలలో అసలు శక్తి తరచుగా కలవడంలో, లక్ష్యం పెట్టి కొలవడంలో, ఆదరణలో ఉంది. భాష వాటికి ప్రత్యామ్నాయం కాలేదు. అయితే ఆ కలయికలన్నీ భాషలోనే జరుగుతాయి. పదిహేను సమావేశాలు పెట్టి పదిహేనుసార్లూ ‘అన్నం తగ్గించండి’ అనే చెబితే, శ్రోత పదిహేనుసార్లూ ‘భోజనం తగ్గించండి’ అనే వింటాడు. అంతేకాక, బాధ్యతను వ్యక్తిపైనే నిలిపే భాష కార్యక్రమానికి నిధులు, సమయం, సిబ్బంది పెంచాలనే వాదాన్ని కూడా బలహీనపరుస్తుంది. తప్పు వినేవాడిదైనప్పుడు చెప్పేవాడు ఇంకేమీ చేయనక్కరలేదు కదా.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. కరపత్రం, ఏడాదికొక ఉపన్యాసం ప్రామాణిక ప్రయోగాలలో పోలిక వర్గానికి అందినవి. వాటిని నివారణ కార్యక్రమంగా లెక్కించడం సరికాదు.

2. తరచైన బృంద బోధన అలవాట్లను కదిలించగలదు. దాని ఫలితం తీవ్రతపైనా కాలవ్యవధిపైనా ఆధారపడుతుంది.

3. షుగర్, బోర్డర్, నివారణ అనే మాటలు తప్పు అర్థాలకు తావిస్తున్నాయి. ‘రాకుండా చూసుకోవడం’ వంటి పలుకుబళ్లు వాటికంటే మేలు.

4. ఆహార బోధన ‘పథ్యం’ చట్రం దాటి ఇంటి వంటను, వండే స్త్రీని కేంద్రంగా తీసుకోవాలి.

5. ‘జీవనశైలి’ అనే మాట వెనుక మరుగున పడుతున్న రేషన్, ధరలు, పని, చోటు అనే అంశాలు బోధనలో భాగం కావాలి.

6. ఆశా కార్యకర్తల శిక్షణ సామగ్రి వారి వరసలను, సంబోధనలను దృష్టిలో ఉంచుకొని తెలుగులోనే మొదటినుంచీ రాయాలి. అనువాదంతో సరిపెట్టకూడదు.

చివరి అంశంలో తెలుగు శాఖలకు పాత్ర ఉంది. పదజాల నిర్మాణం, మాండలిక పరిజ్ఞానం, సంభాషణ రచన తెలుగు అధ్యాపకులూ పరిశోధకులూ అభ్యసించే విద్యలే. వైద్య కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ శాఖతో కలిసి ఒక మండలంలోనైనా ఇటువంటి పాఠాలను రాసి, వినిపించి, వినేవారికి ఏమి అర్థమైందో తిరిగి అడిగి సరిదిద్దే పని చేపడితే, అది పరిశోధనకు విలువైన అంశమవుతుంది. 13.6 కోట్ల మందిలో తెలుగు మాట్లాడేవారికి ఈ వ్యాధి గురించి తెలిసేది తెలుగులోనే. ఆ తెలుగు ఎలా ఉండాలో ఆలోచించే బాధ్యత వైద్యులది మాత్రమే అనుకోవడానికి వీలులేదు.